అరువు ముక్కు

డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపి, చిట్టి తీర్పు చెప్పేసింది.

"టమాటా. అనుమానమే లేదు."

ఆ తీర్పు వినడానికి వంటగదిలో ఎవరూ లేరు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు కుతకుతలాడుతున్నాయి. అప్పుడే వేసిన పాస్తా అందులో అటూ ఇటూ దొర్లుతోంది. పక్క పొయ్యి మీద బాణలిలో ఉల్లిపాయ ముక్కలు టమాటా కోసం ఎదురుచూస్తున్నాయి. చిట్టి డబ్బా మూత కోసి చూసింది. లోపల తీయటి పాకంలో పీచ్ పండ్ల ముక్కలు నిగనిగలాడుతున్నాయి.

చిట్టికి ముప్పై దాటి చాలాకాలమే అయింది. అయినా ఇంట్లో ఆమె చిట్టే. డబ్బా సరుకు నిలవచేసే గోడౌన్‌లో పని. అక్కడ పైకప్పు కారినప్పుడల్లా డబ్బాల మీది కాగితాలు తడిసి ఊడిపోతాయి. లోపలి సరుకు నిక్షేపంగా ఉంటుంది కానీ, అదేమిటో దేవుడికే తెలియాలి. అలాంటివాటిని పనివాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. చిట్టి సంచి నిండా తెచ్చి, ఒక్కొక్కటీ ఊపి చూసి, లోపల ఏముందో మార్కర్‌తో మూత మీద రాసి అరలో పేర్చేది. పొద్దస్తమానం డబ్బాలతో కాపురం చేసేదాన్ని, నాకు తెలియదా అని ఆమె ధీమా. ఆమె 'బఠానీ' అని రాసినదాంట్లో అనాస, 'చేప' అని రాసినదాంట్లో మొక్కజొన్న వచ్చేవి. ధీమాకు మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు.

ఇప్పుడు పీచ్ ముక్కల్ని ఉల్లిపాయల్లో వేస్తే ఏమవుతుందా అని ఆమె ఆలోచనలో పడింది. వేసినా వేసేదే, ఆ తెగువ ఆమెకుంది. అంతలో పక్కగదిలోంచి మాట వినిపించింది.

"అది పండే, టమాటా కాదు. ఊపినప్పుడే తెలియట్లా?"

చిట్టి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పీచ్ సంగతి మరిచిపోయింది. వదిన మాట్లాడింది. అడగకుండా, తనంతట తాను, వంట గురించి మాట్లాడింది.

వదిన అంటే మామూలు మనిషి కాదు, వంటమనిషి. పేరున్న రెస్టారెంట్‌లో పెద్ద పొయ్యి ఆమెది. మూకుడు ముందు నిలబడితే పక్కన పిడుగు పడ్డా తల తిప్పేది కాదు. అలాంటి మనిషికి ఒక మాయదారి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. వాసన పోతే రుచి మాత్రం ఎక్కడుంటుంది? రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి డాక్టరెందుకని చిట్టి గొడవకు దిగబోతే, వదినే చెయ్యి పట్టుకుని బయటకు లాక్కొచ్చింది.

తగ్గాక పనిలోకి వెళ్ళింది. వాసన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు వెనక్కి తిరిగి కొత్తిమీర తరుగుతుండగా బాణలిలో వెల్లుల్లి బొగ్గయింది. ఆమెకు తెలియలేదు. అందులోనే సాస్ కలిపి పంపేసింది. పళ్ళేలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి ఇంటికి వచ్చేసింది. ఆ రోజునుంచి పొయ్యి వంక చూడలేదు. కిటికీ పక్కన కూర్చునేది, బట్టలు మడతపెట్టేది, అడిగితే సమాధానం చెప్పేది. అన్న లారీ డ్రైవరు. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఫోన్ చేసినప్పుడల్లా "మీ వదిన తిందా?" అని అడిగేవాడు. తింటోంది అని చెప్పేది చిట్టి. తింటోందంటే తింటోంది, అంతే.

చిట్టి బాధ చిట్టిది. మొగుడితో పడలేక ఒక పెట్టె పుచ్చుకుని ఆమె ఈ ఇంటికి వచ్చిన సాయంత్రం, తలుపు తీసింది వదినే. వచ్చిన ఆడపడుచును చూసి వదిన మొహం ముడుచుకోవడం లోకం తీరు. చిట్టి దానికి సిద్ధపడే వచ్చింది. ఏమడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా వల్లెవేసుకుంది కూడా. వదిన ఆమెను చూసింది, పెట్టెను చూసింది. "చేతులు కడుక్కో, పాస్తా ఉడికిపోవచ్చింది" అంది. ఆ పూట ఇంట్లో కూరా నారా ఏమీ లేవు. వెల్లుల్లి, నూనె, ఎండుమిరపకాయ, ఎండిపోయిన బ్రెడ్డు. బ్రెడ్డును పొడి చేసి నూనెలో దోరగా వేయించి పైన చల్లింది. చిట్టి ఏడుస్తూ తింది, మళ్ళీ పెట్టించుకుని తింది. ఎందుకొచ్చావని ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా వదిన అడగలేదు. ఫోన్‌లో అన్న అడగబోతే "ముందు దాన్ని కుదుటపడనీ" అని ఫోన్ పెట్టేసింది.

అంత చేసిన మనిషికి చిట్టి ఏనాడూ ఒక మంచి మాట చెప్పలేదు. ఎదురుపడితే ఒకరినొకరు వేళాకోళం చేసుకోవడమే వాళ్ళకు అలవాటు. ఇప్పుడా మనిషి కిటికీ పక్కన బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే చిట్టి చూడలేకపోయేది. వంట చేతకాకపోయినా రోజూ గరిటె పట్టుకున్నది అందుకే. ఈ చెత్త వంట చూసి అయినా ఒళ్ళు మండి లేస్తుందేమోనని ఆశ. ఆ ఆశ ఇన్నాళ్ళకు పీచ్ డబ్బా దగ్గర ఫలించింది.

"ఊపితే ఏం తెలుస్తుంది? నువ్వు చూడకుండా చెప్తున్నావ్ కాబట్టి గొప్ప" అంది చిట్టి, కావాలనే.

వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. "పండు ముక్కలు పాకంలో జారి రేకుకి తగులుతాయి. టమాటా డబ్బా నిండుగా ఉంటుంది, అంత ఆడదు. ఇంకోటి ఊపు."

చిట్టి ఇంకోటి ఊపింది.

"చిక్కుడు గింజలు. నువ్వేం రాశావ్ దాని మీద?"

"ఏం రాస్తే ఏంలే" అని చిట్టి మూతను చేత్తో కప్పేసింది.

తెరిస్తే చిక్కుడు గింజలే. వదిన లోపలికి రాలేదు, గుమ్మంలోంచే చెప్పుకుపోయింది. సగం గింజలు గరిటెతో చిదుపు. పాస్తా ఉడికిన నీళ్ళు పారబోయకు, ఒక గ్లాసు తీసి పెట్టు. అవి పోసి కలిపితే చిక్కబడుతుంది. ఉప్పు అప్పుడే వెయ్యకు, నీళ్ళలో ఉంది. చిట్టి చెప్పినట్టల్లా చేసింది. ఆ రాత్రి భోజనం మొదటిసారి భోజనంలా ఉంది. పీచ్ ముక్కలు చివర్లో తిన్నారు.

అప్పటినుంచి సాయంత్రాలు మారిపోయాయి. చిట్టి పని నుంచి వచ్చి గిన్నెలో నీళ్ళు పెట్టగానే వదిన గుమ్మంలోకి వచ్చేది. ఇంట్లో ఉన్నదానితోనే చెయ్యాలి, పాస్తా ఉడికేలోపు పైది తయారవ్వాలి, అది వదిన పద్ధతి. ఒకరోజు ఉల్లిపాయల్ని చిటికెడు చక్కెరతో ఎర్రగా మగ్గబెట్టించింది. ఒకరోజు డబ్బా చేపలో నిమ్మరసం, దంచిన మిరియాలు కలిపించింది. ఇంకోరోజు అరలో ఏమీ లేక ఒక్క గుడ్డు మిగిలితే, పొయ్యి కట్టేసి ఆ వేడి మీదే గుడ్డు కలిపించింది. పాస్తా పట్టుబట్టలా మెరిసింది. జీతం రావడానికి ముందు వారాల్లో ఇద్దరూ ఇంత బాగా తిన్నది ఎప్పుడూ లేదు.

ఒక్కటే చిక్కు. వదిన గరిటె ముట్టుకోదు.

"నాకు ముక్కు లేదే. నీ ముక్కు పెట్టి చూసి చెప్పు" అనేది.

చిట్టి ముక్కు పెట్టి చూసేది. చూసినదాన్ని చెప్పడం మరో తంటా. మనిషి పుట్టి బుద్ధెరిగాక గోడౌన్ తప్ప ఏమీ ఎరగదాయె.

"కొత్త అట్టపెట్టె విప్పినట్టుంది వదినా."

"అదేం వాసనే!"

"ఉన్నది చెప్తున్నా. ఆఁ, ఇప్పుడు మారింది. ఎండలో ఆరేసిన తువ్వాలులాగా."

వదిన కొన్నాళ్ళకు ఆ భాష నేర్చుకుంది. అట్టపెట్టె అంటే ఇంకా పచ్చి. తువ్వాలు అంటే దించేయాలి. బస్సు బ్రేకు వేసినట్టు అంటే కొంప మునిగింది. ఎవరైనా వింటే ముక్కున వేలేసుకుందురు. వాళ్ళిద్దరికీ మాత్రం ఆ అరువు ముక్కుతో పని చక్కగా సాగిపోయింది.

అలా ఉండగా గోడౌన్ క్యాంటీన్‌లో సాయంత్రం వంటకు మనిషి కావలసి వచ్చింది. క్యాంటీన్ చూసుకునే ఆవిడను అందరూ క్యాంటీనమ్మ అంటారు. నవ్వితే లోకువైపోతామని నమ్మే మనిషి. చిట్టి ఆవిడ వెంటపడింది. మా వదిన అంతటిది, ఇంతటిది అని చెవినిల్లు కట్టుకుని పోరింది. వాసన సంగతీ దాచలేదు. క్యాంటీనమ్మ అంతా విని, "మాటలు వద్దు. మీ ఇంటికొస్తా, ఉన్నదాంతో చేసి పెట్టమను. తిన్నాక చూద్దాం" అంది.

ఇంటికొచ్చి చెప్తే వదిన ససేమిరా అంది.

"వాసన తెలియనిదాన్ని, వంద మందికి ఏం వండి పెడతా? మోసం కాదూ?"

"మోసం ఎందుకవుతుంది? అన్నీ చెప్పే పిలిచా. అయినా నేనూ అక్కడే ఉంటాగా. డ్యూటీ అవగానే వచ్చి నీ పక్కన నిలబడతా. నా ముక్కు ఎక్కడికి పోతుంది?"

వదిన మడతపెట్టిన బట్టలనే మళ్ళీ విప్పి మడతపెట్టింది. చివరికి ఒప్పుకుంటూ ఒక మాట అంది. "ఒక్కసారి చేస్తా. నువ్వు పక్కనే ఉండాలి. ఇది కూడా పాడైతే మాత్రం, ఇంక ఈ జన్మలో నా దగ్గర పొయ్యి మాట ఎత్తకు. ఇంకోసారి పళ్ళేలు వెనక్కి వస్తే తట్టుకోలేనే."

చిట్టి ఎగిరి గంతేసింది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు, గోడౌన్‌లో ఆమెకు మంచుపెట్టెలాంటి చలిగదిలో పని వేశారు. క్యాంటీనమ్మ వచ్చే రోజు పొద్దున లేచేసరికి తల బండరాయిలా ఉంది, ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. కాఫీ గ్లాసులో మొహం పెట్టి పీల్చింది. ఏమీ లేదు. సబ్బు దగ్గర పెట్టి పీల్చింది. అదీ లేదు.

చెప్తే వదిన ఆ క్షణమే వద్దంటుంది. మళ్ళీ కిటికీ పక్కకు పోతుంది, మళ్ళీ ఎప్పుడు లేస్తుందో. పనిలో దొరికిన చోటల్లా వేడినీళ్ళు తాగింది, ఆవిరి పట్టింది. ముక్కు ససేమిరా తెరుచుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, గొంతు పట్టిస్తుందని నోరు కట్టేసుకుని, అడిగినదానికల్లా తల ఊపుతూ తిరిగింది. వదిన ఒకటి రెండుసార్లు అనుమానంగా చూసింది కానీ, తన కంగారులో తానుంది.

క్యాంటీనమ్మ వచ్చి వంటగదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వదిన ముందుగా అంది, "నాకు వాసన తెలియదండి. ముందే చెప్తున్నా."

"తెలుసమ్మా. కానివ్వండి."

వదిన ఇన్నాళ్ళకు పొయ్యి ముందు నిలబడింది. అరలో ఉన్నవి పాస్తా, వెల్లుల్లి, నూనె, మిరపకాయలు, బ్రెడ్డు. కత్తి పట్టగానే ఆమె చెయ్యి మారిపోయింది. వెల్లుల్లి రెబ్బలు రేకుల్లా పల్చగా రాలాయి. చిట్టికి ఏడుపొచ్చినంత పనయింది. నూనె వేడెక్కింది, వెల్లుల్లి పడింది, చిటచిటలాడింది.

"ఎలా ఉంది?" అంది వదిన.

చిట్టి బాణలి మీదకు వంగి పీల్చింది. గోడను పీల్చినట్టుంది. రంగు చూద్దామంటే ఆవిరి.

"బాగుంది" అంది పొట్టిగా.

"అట్టపెట్టెనా, తువ్వాలా?"

"అట్టపెట్టే."

వదిన బాణలి తిప్పింది. కొంచెం ఆగి మళ్ళీ అడిగింది. చిట్టి అదే మాట చెప్పింది. వదిన తల కొంచెం పక్కకు వంచింది. పొయ్యి మీద చిటచిట సన్నబడుతోంది. అంతకుముందు గుంపుగా అరిచినవి ఇప్పుడు ఒకటీ అరా అంటున్నాయి. చిట్టి నోరు తెరిచి నిజం చెప్పేద్దామనుకుంది. ఎదురుగా కూర్చున్న క్యాంటీనమ్మను చూసి మళ్ళీ మూసేసుకుంది.

వదిన బాణలి ఎత్తి, నూనెతో సహా అంతా పాత గిన్నెలోకి పారబోసింది.

క్యాంటీనమ్మ కనుబొమలు పైకి లేచాయి. వదిన మాత్రం చిట్టి వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"జలుబు చేసిందా?"

చిట్టి తల ఊపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వెళ్ళి కూర్చో."

"వదినా, మరి నీకు..."

"కూర్చోవే."

చిట్టి క్యాంటీనమ్మ పక్కన ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. వదిన బాణలి తుడిచి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. వెల్లుల్లి తరిగింది. నూనె పోసింది. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. పొయ్యికి చెవి ఒగ్గి నిలబడింది. చిటచిట నిండుగా ఉన్నంతసేపు కదల్లేదు. అది పలచబడటం మొదలవగానే పాస్తా నీళ్ళు ఒక గరిటె పోసింది. బాణలి బుస్సుమంది. బ్రెడ్డు పొడి విడిగా వేయించేటప్పుడు గరిటెతో కదుపుతూ వింది. మెత్తటి చప్పుడు పోయి ఇసుకలా గరగరమనగానే దించేసింది. గిన్నెలో పాస్తా తీసి బాణలిలో వేసి ఎగరేసింది. ఆమె చేతుల్లో ఎక్కడా తడబాటు లేదు. రెస్టారెంట్‌లో పెద్ద పొయ్యి ముందు నిలబడిన మనిషే అక్కడ నిలబడింది.

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. తినేది ముగ్గురు, రుచి తెలిసేది ఒక్కరికి. వదిన, చిట్టి ఇద్దరూ తినడం మానేసి క్యాంటీనమ్మ నోటి వంక చూస్తూ కూర్చున్నారు. ఆవిడ తాపీగా తింది. పళ్ళెం ఖాళీ చేసింది. గిన్నెలోకి తొంగిచూసి, మిగిలినది తానే వడ్డించుకుని అదీ తింది.

"ఒక్కటి అడుగుతా. మొదటిది ఎందుకు పారబోశారు? నాకు వాసన బాగానే వచ్చింది. మాడలేదది."

"మాడబోతోందండి" అంది వదిన.

క్యాంటీనమ్మ ఖాళీ పళ్ళెం పక్కకు జరిపింది. "వచ్చే వారం నుంచి రండి. మా పొయ్యిలు కొంచెం మొరాయిస్తాయి, మీరే దారిలో పెట్టుకోవాలి" అని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చిట్టి వైపు చూసి, "నీ ముక్కు అక్కర్లేదమ్మా, నువ్వు డబ్బాలు చూసుకో" అంది. చిన్నగా నవ్వింది కూడా.

తలుపు వేసి వచ్చేసరికి వదిన కుర్చీలో కూలబడి ఉంది. చిట్టి ఎదురుగా కూర్చుంది.

"అబద్ధం చెప్పాను వదినా. నువ్వు వద్దంటావని భయమేసింది."

"తెలుసులే. నువ్వా అబద్ధం చెప్పకపోయుంటే నేను నీ ముక్కునే నమ్ముకుని బతికేదాన్ని."

చిట్టి తన పళ్ళెం వంక చూసుకుంది. సగం అలాగే ఉంది. కంగారు తగ్గింది కనుక ఇప్పుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మెత్తటిది మెత్తగా ఉంది, కరకరలాడేది కరకరలాడింది. ఉప్పుందని, కారముందని నాలుక చెప్పింది. అంతకుమించి ఏమీ లేదు. తడిపిన కాగితం తిన్నట్టుంది. నమలడం ఆపి వదిన వంక చూసింది.

"ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది ఇదేనా వదినా?"

"ఆఁ, ఇదే."

"రోజూనా? నేను చేసిన ఆ చెత్తంతా కూడానా? ఎదురుగా కూర్చుని ఎలా ఉంది, ఎలా ఉంది అని నీ ప్రాణం తోడేశాను. ఒక్క రోజు కూడా పళ్ళెం పక్కకు నెట్టలేదే నువ్వు."

"ఎలా నెడతానే? పొద్దంతా డబ్బాలు మోసి వచ్చి, కూర్చోకుండా పొయ్యి వెలిగించేదానివి. నాకేమీ తెలిసేది కాదు, ఆకలి కూడా వేసేది కాదు. వంటగదిలో నువ్వు గిన్నెలు ఎత్తి పడేస్తూ, నీలో నువ్వే వాగుతుంటే వినిపించేది. ఇది నా కోసం ఇంత పాట్లు పడుతోంది, తినాలి అనుకునేదాన్ని. నువ్వు చెయ్యకపోతే ఆ పూటలు నేను తినేదాన్ని కాదు చిట్టీ. ఈ రోజు ఇక్కడ నిలబడేదాన్నీ కాదు."

ఈ ఇంటికి వచ్చిన సాయంత్రం నుంచి చెప్పవలసిన మాట చిట్టి ఇప్పుడు చెప్పింది. "నన్ను ఏమీ అడగకుండా అన్నం పెట్టావ్ వదినా. నీ రుణం ఎప్పటికీ తీరదు."

"తీర్చమని ఎవరడిగారు? ముక్కు చీదుకో ముందు" అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

చిట్టి ముక్కు చీదుకుంది. పళ్ళెం దగ్గరకు లాక్కుని, రుచీ పచీ తెలియని ఆ పాస్తాను వదిన చూస్తుండగా చివరి ముక్క వరకూ తినేసింది.